బరంపురంలో పూల్ ఆట నేర్చుకోవాలనుకునేవారికి హెచ్చరిక: ఫీజు మొత్తం ముందే కట్టకండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉంటూ పూల్ ఆట (టేబుల్ మీద క్యూ అనే కర్రతో బంతులను కొట్టి గుంటల్లో వేసే ఆట) మెరుగుపరచుకోవడానికి కోచ్ కోసం చూస్తున్న తెలుగువారందరికీ, ముఖ్యంగా సెలవుల్లో పిల్లలను చేర్పిద్దామనుకుంటున్న తల్లిదండ్రులకు ఈ మాట. బరంపురంలోని ఒక పూల్ పార్లర్‌లో "మూడు నెలల్లో పోటీల స్థాయికి తీసుకొస్తాను" అంటూ ఫీజు మొత్తం ముందే కట్టించుకుంటున్న కోచ్ ఒకరున్నారు. నేను 12,000 రూపాయలు కట్టాను. చెప్పిన శిక్షణ దక్కలేదు, డబ్బూ తిరిగి రాలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అతని పేరు గానీ పార్లర్ పేరు గానీ ఇక్కడ రాయను. అతని పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తాను. ఇలాగే నడిపేవాళ్ళు ఇంకా ఉంటారు, పేరు తెలిసినదానికన్నా పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అతను బాగా ఆడతాడు. ఈ సంగతి దాచను. ఆట మొదలుపెట్టే బ్రేక్ కొట్టి, తన వంతు ఏడు బంతులనూ వరసగా వేసి, చివర నల్లటి ఎనిమిదో నంబరు బంతిని ముందే చెప్పిన పాకెట్లో (టేబుల్ అంచున ఉండే గుంటలో) దించడం కళ్ళారా చూశాను. చేరడానికి వచ్చిన ప్రతివారి ముందూ ఇదే ప్రదర్శన. అది చూసి మనం తేరుకునేలోపు మాట కలుపుతాడు: ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, చుట్టాలు సోంపేటలోనా ఇచ్ఛాపురంలోనా. "మనవాళ్ళ దగ్గర లాభం చూసుకుంటానా తమ్ముడూ" అంటాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ మాట్లాడుతూ పెరిగిన మనకు ఆ మాట ఎంత దగ్గరగా తగులుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ దగ్గరితనాన్నే అతను వసూలుకు వాడుకుంటున్నాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

ఫీజు విషయంలో అతను పెట్టే తొందర మీరు మొదట గమనించాలి. "ఈ వారంలో కడితే 12,000, తర్వాత 18,000" అంటాడు. రసీదు ఇవ్వడు. ఫోనులో పంపిన డబ్బు వేరే ఎవరి పేరు మీదకో వెళ్తుంది. వారానికి ఎన్ని తరగతులు, ఒక్కో తరగతి ఎంతసేపు, ఒక తరగతి తప్పితే ఏమిటి అన్నది కాగితం మీద ఎక్కడా ఉండదు. టేబుల్ అద్దె ఫీజులో కలిసి లేదన్న విషయం మొదటి రోజు ఆట ముగిశాక, కౌంటర్ దగ్గర బిల్లు చేతికిచ్చినప్పుడే తెలుస్తుంది. అద్దె గంటల లెక్కన. అంటే తరగతి ఎంత సాగితే పార్లర్‌కు అంత ఆదాయం. మన ఆట త్వరగా బాగుపడాలన్న పట్టింపు అక్కడ ఎవరికీ ఉండదు.

ఇక తరగతి ఎలా ఉంటుందంటే, బంతులు పేర్చి అతను ఆడతాడు, మనం గోడ పక్కన నిలబడి చూడాలి. మధ్యలో, క్యూతో కొట్టే తెల్ల బంతిని చూపిస్తూ "చూశావా, తెల్ల బంతి ఎలా వెనక్కి వచ్చిందో" అంటాడు. ఎలా వచ్చిందని అడిగితే "చేతికి అలవాటు కావాలి" అన్నదే జవాబు. మన చేతికి క్యూ వచ్చేసరికి గంటలో ముప్పావు వంతు అయిపోతుంది. మనం కొడుతుంటే అతను ఫోను చూసుకుంటాడు. ఒక సాయంత్రం నేను ఒకే రకం షాట్ వరసగా తప్పుతున్నాను. ప్రతిసారీ బంతి పాకెట్ మూతికి ఎడమవైపు అంచునే తగిలి వెనక్కి వస్తోంది. ఒకే చోట తప్పుతోందంటే కారణం ఏదో ఒకటి స్థిరంగా ఉన్నట్టే. కోచ్ అన్నవాడు పట్టుకోవలసింది సరిగ్గా అలాంటిదాన్నే. అతను తల ఎత్తి చూడకుండానే "ఇంకొంచెం కుడికి కొట్టు" అన్నాడు.

అంతకన్నా నష్టం చేసింది స్పిన్. చేరిన కొద్ది రోజులకే తెల్ల బంతిని పక్కన కొట్టి తిప్పడం నేర్పడం మొదలుపెట్టాడు. చూడటానికి గొప్పగా ఉంటుంది, కుర్రవాళ్ళు మురిసిపోతారు. కానీ తెల్ల బంతిని నడిమికి కుడివైపున కొడితే బయలుదేరేటప్పుడే అది కొంచెం ఎడమకు జరుగుతుంది. దారిలో మళ్ళీ కుడివైపు వంపు తిరుగుతుంది. ఎదుటి బంతిని తాకినప్పుడు దాన్ని కూడా కాస్త పక్కకు ఈడుస్తుంది. ఈ మూడూ వేగాన్ని బట్టి, దూరాన్ని బట్టి, క్యూను బట్టి మారుతుంటాయి. నడిమిన తిన్నగా కొట్టడం ఇంకా రానివాడికి ఇది నేర్పితే గురి తప్పిందో, స్ట్రోక్ (క్యూ ఆడించే తీరు) తప్పిందో, స్పిన్ వల్ల తప్పిందో వాడికి జన్మలో తెలియదు. నా ఆట అక్కడ చేరకముందు కన్నా పాడైంది.

పూల్ టేబుళ్ళు సాయంత్రాలు అద్దెకు వెళ్ళిపోతాయి కాబట్టి చాలా రోజులు మమ్మల్ని మూల ఉన్న స్నూకర్ టేబుల్‌కు పంపేవాడు. "రెండూ ఒకటే, ఇంకా మంచిది" అనేవాడు. ఒకటి కాదు. స్నూకర్ టేబుల్ 12 అడుగులు, పూల్ టేబుల్ సాధారణంగా 7 నుంచి 9 అడుగులు. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువూ ఎక్కువ. పాకెట్ మూతుల ఆకారం కూడా వేరు. స్నూకర్ సాధన వల్ల గురి కుదురుతుందన్నది నిజమే. అయితే ఎనిమిదో బంతి ఆట నేర్పిస్తానని డబ్బు తీసుకున్నవాడు ఆ టేబుల్ మీదే నేర్పాలి.

క్యూ సంగతి విడిగా చెప్పాలి. పార్లర్ క్యూలతో ఆట రాదని, తన దగ్గర "కెనడా మేపుల్" క్యూ ఉందని, తన శిష్యులకు మాత్రమే 6,500 రూపాయలకు ఇస్తానని అన్నాడు. పూల్ క్యూ ముందు భాగం గట్టి మేపుల్ కర్రతో చేయడం మామూలే కాబట్టి మాట నమ్మదగినట్టే ఉంటుంది. కొన్న కొన్నాళ్ళకే టిప్ (క్యూ కొనకు అంటించే తోలు ముక్క) జిగురు విడిచి ఊడిపోయింది. రెండు ముక్కలనూ విడదీసి టేబుల్ మీద దొర్లిస్తే ముందు ముక్క చివర ఎగిరెగిరి పడుతోంది, అంటే కర్ర వంగింది. పిడి మీది స్టిక్కరు అంచు లేచి ఉంటే గోటితో కొంచెం తీశాను. దాని కింద వేరే పేరు అచ్చు వేసి ఉంది. ఆ పేరుతో వెతికితే అదే రంగు, అదే డిజైను క్యూ 1,800 రూపాయలకు దొరుకుతోంది.

దీనితోపాటు "ప్రత్యేకమైన చాక్" (టిప్‌కు పూసే సుద్ద) కూడా అమ్ముతాడు, అది పూస్తే స్పిన్ ఎక్కువ వస్తుందని. ఇది పాత మోసమే. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాక్ కార్ అనే మార్కర్ (బిలియర్డ్స్ గదిలో స్కోరు లెక్క చూసే ఉద్యోగి) తెల్ల బంతిని పక్కకు తిప్పి చూపించి, ఆ మహిమంతా తన పొడిదేనని చెప్పి మామూలు సుద్దను చిన్న డబ్బాల్లో పెట్టి అమ్మాడని బిలియర్డ్స్ చరిత్రల్లో రాశారు. చాక్ చేసే పని ఒక్కటే, టిప్ బంతి మీద జారిపోకుండా పట్టు ఇవ్వడం. స్పిన్ వచ్చేది బంతిని ఎక్కడ తాకారు, క్యూ ఎంత తిన్నగా వెళ్ళింది అన్నదాని నుంచే.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. రాత్రి ఎనిమిది దాటాక అక్కడ పందెం ఆటలు నడుస్తాయి. "పందెం లేకపోతే ఒత్తిడి అలవాటు కాదు" అని శిష్యులనే కూర్చోబెడతాడు. ఎదురు ఆడేది చాలాసార్లు అతని స్నేహితులే. ఇంటర్ చదివే ఒక అబ్బాయి ఊరి నుంచి వచ్చిన గది అద్దె డబ్బు అక్కడ పోగొట్టుకోవడం చూశాను. నేను అడ్డు చెప్పిన రోజు నుంచి నా తరగతుల సమయాలు మారిపోవడం మొదలైంది. మిగిలిన నెలల ఫీజు తిరిగి ఇమ్మని అడిగితే "నేర్చుకోవడం రాకపోతే నేనేం చేస్తాను" అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

నేర్పడం అంటే ఎలా ఉంటుందో నాకు విశాఖలో తెలిసింది. ఒక పాత క్లబ్బులో చాలా ఏళ్ళు మార్కర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఉన్నారని చుట్టాలు చెబితే వెళ్ళాను. ఆయన క్యూ పట్టలేదు. మొదట నన్ను ఆడమన్నారు, చుట్టూ తిరుగుతూ చూశారు. తర్వాత బంతులన్నీ తీసేసి తెల్ల బంతి ఒక్కటే పెట్టి, తిన్నగా ఎదుటి కుషన్‌కు (టేబుల్ అంచు లోపలి రబ్బరు గట్టుకు) కొట్టమన్నారు. స్ట్రోక్ సరిగ్గా ఉంటే ఆ బంతి అదే గీతలో తిరిగి వచ్చి, కదలకుండా పట్టుకున్న క్యూ టిప్‌కు తగలాలి. నాది ప్రతిసారీ జానెడు పక్కగా వచ్చింది. "బంతి తగలకముందే తల లేస్తోంది బాబూ, తలతో పాటు భుజం, భుజంతో పాటు మోచేయి. నువ్వు నడిమిన కొడుతున్నాననుకుంటున్నావు, తగులుతున్నది పక్కన" అన్నారు. నా ఫోనుతోనే వెనక నుంచి వీడియో తీసి చూపించారు. పాకెట్ ఎడమ అంచు సంగతి అప్పుడు అర్థమైంది.

ఆ రోజంతా ఒకే పని చేయించారు, కొట్టాక తెల్ల బంతి ఆగేవరకు తల ఎత్తకుండా ఉండటం. తర్వాతి తరగతిలో గురి: పడాల్సిన బంతి వెనుక, పాకెట్‌కు తిన్నగా ఉండే గీత మీద, దాన్ని ఆనుకుని ఇంకో బంతి ఉన్నట్టు ఊహించుకుని, ఆ చోటికి తెల్ల బంతిని పంపడం. ఆ తర్వాత తెల్ల బంతి ఎటు వెళ్తుందో చెప్పారు. అది దొర్లకుండా జారుతూ వచ్చి తగిలితే రెండు బంతులూ దాదాపు 90 డిగ్రీల కోణంలో విడిపోతాయి. మామూలుగా దొర్లుతూ వచ్చి ఎదుటి బంతి సగభాగాన్ని కప్పేలా తగిలితే తెల్ల బంతి తన దారి నుంచి సుమారు 30 డిగ్రీలు మళ్ళుతుంది. ఇది తెలిస్తే తర్వాతి షాట్‌కు బంతిని ఎక్కడ ఆపాలో ముందే లెక్క వేసుకోవచ్చు. స్పిన్ గురించి అడిగితే "ముందు అది లేకుండా ఆడు" అన్నారు. తీసుకున్నది తరగతికి 500 రూపాయలు, అదీ తరగతి అయ్యాక.

అందుకే కోచ్ ఎంత బాగా ఆడతాడో చూసి డబ్బు కట్టకండి. మీరు ఆడుతుంటే అతను చూస్తాడా అన్నది చూడండి. మొదట ఒక్క తరగతికి మాత్రమే ఫీజు ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ తరగతి చివర "నా ఆటలో మీకు కనిపించిన లోపం ఏమిటి, ఇంటి దగ్గర ఏమి సాధన చేయాలి" అని అడగండి. జవాబు మీ మోచేయి గురించో, నిలబడే తీరు గురించో, పట్టు గురించో సూటిగా రావాలి. టేబుల్ అద్దె ఎవరిదో, ఏ టేబుల్ మీద నేర్పుతారో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. గోడకు వేలాడే సర్టిఫికెట్ మీద ఇచ్చిన సంస్థ పేరు చదవండి. మన దేశంలో ఈ ఆటలన్నిటికీ జాతీయ సమాఖ్య బీఎస్ఎఫ్ఐ, అమెరికాలో శిక్షకుల సంఘం పీబీఐఏ. ఇతని సర్టిఫికెట్ మీద "అంతర్జాతీయ శిక్షకుడు" అని ఉంది గానీ ఇచ్చింది ఎవరో లేదు. క్యూ మాత్రం కోచ్ దగ్గర కొనకండి, కనీసం మొదటి కొన్ని నెలలు. పార్లర్‌లో ఉన్నవాటిలో తిన్నగా ఉన్నది ఒకటి ఎంచుకుని దానితోనే ఆడితే చాలు.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి దారి ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. సరిహద్దు దగ్గర ఉండే మనకు ఇది చాలా ముఖ్యం: ఇచ్ఛాపురం, కంచిలి నుంచి వచ్చి ఇక్కడ డబ్బు కట్టినవారు ఒడియా కాగితాల కోసం బరంపురం చుట్టూ తిరగనక్కరలేదు, శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్ళు.

నేను ఫిర్యాదు చేశాను, జవాబు కోసం చూస్తున్నాను. అతని దగ్గర నేర్చుకున్నవారు, క్యూ కొన్నవారు వాట్సాప్ మాటలు చెరపకండి, డబ్బు ఎవరి పేరు మీదకు వెళ్ళిందో ఆ వివరాలు దాచుకోండి, క్యూ మీది స్టిక్కరు తీసేముందు ఫొటో తీసుకోండి. ఒకే రకం నష్టం జరిగినవారు కమిషన్ అనుమతితో కలిసి కేసు వేసే వీలు చట్టంలో ఉంది. అలా కలిసి వచ్చేవారుంటే నా కాగితాలన్నీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.