రెండు గ్లాసుల ప్రదర్శన చూసి నీటి శుద్ధి యంత్రం కొనకండి

ఇంటికి వచ్చి నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవారు చూపే ఒక ప్రదర్శనను నమ్మి నేను మోసపోయాను; అది మీ ముందుకు వచ్చేసరికి దానిలోని కిటుకు మీకు తెలిసి ఉండాలని ఈ హెచ్చరిక రాస్తున్నాను.

అమ్మకందారు ఒక గ్లాసులో మా కుళాయి నీరు, ఇంకో గ్లాసులో తన యంత్రంలోని ఆర్‌ఓ నీరు (సన్నటి పొర గుండా వడగట్టి, కరిగిన లవణాలను చాలావరకు తీసేసిన నీరు) పోసి, రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి స్విచ్చి వేశాడు. కాసేపటికే కుళాయి నీరు ఆకుపచ్చగా తిరిగి, గోధుమ రంగుకు మారి, పైన తెట్టు కట్టింది. రెండో గ్లాసు తేటగానే ఉంది. "ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదేనండీ" అని అతననగానే నేను బేరం కూడా ఆడలేదు.

తర్వాత తెలిసినవారి ఇంట్లో అదే తంతు జరుగుతుండగా కడ్డీలను దగ్గరగా చూశాను. పైభాగం నున్నగానే ఉంది కానీ, నీటిలో మునిగే భాగం గుంటలు పడి సన్నబడిపోయింది. గ్లాసులో కనిపించే మురికి ఆ కడ్డీదే.

తీగలో కరెంటును మోసేవి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కనుక ఎంత కరెంటు పారినా రాగి రాగిగానే మిగులుతుంది. నీటిలో ఆ పని చేసేవి కరిగిన లవణాల అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. పైగా కడ్డీ, నీరు కలిసే చోట రసాయన చర్య జరిగి తీరాలి. ధన ధ్రువంగా ఉన్న ఇనుప కడ్డీ నుంచి ఇనుము అయాన్లుగా నీటిలోకి దిగి, హైడ్రాక్సైడుగా మారి, ఆక్సిజన్ తగిలేకొద్దీ తుప్పు రంగు తేలుతుంది. శాస్త్రవేత్త ఫారడే 1830లలో తేల్చిన లెక్క ప్రకారం, పారిన కరెంటంతా ఇనుమును కరిగించడానికే పోతే, ఒక ఆంపియరు చొప్పున నిమిషానికి సుమారు 17 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. ఒక గ్లాసు నీటిని పాడు చేయడానికి అందులో కొంత చాలు. ఆర్‌ఓ నీటిలో అయాన్లు బహు తక్కువ కాబట్టి కరెంటు నామమాత్రంగానే పారుతుంది, కడ్డీ కరగదు. మామూలు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలే ఇక్కడ నేరస్థులుగా నిలబడుతున్నాయి!

అందుకే తెలిసినవారి ఇంట్లో ఆ రోజు స్విచ్చి ఆపించి, తేటగా ఉన్న గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ స్విచ్చి వేయమన్నాను. అది కుళాయి నీటికన్నా త్వరగా గోధుమ రంగుకు తిరిగింది. (కడ్డీలకు వచ్చేది ఇంటి కరెంటే కావచ్చు, స్విచ్చి వేసి ఉండగా గ్లాసును ముట్టుకోకండి.)

టీడీఎస్ మీటరు (నీటిలో కరిగి ఉన్న పదార్థాలు ఎంతో చెబుతుందనే చిన్న పరికరం) చూపే అంకె విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది కొలిచేది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. దాన్నే ఒక గుణకంతో హెచ్చించి లవణాల పరిమాణంగా చూపిస్తుంది. చెంచాడు చక్కెర కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు, సూక్ష్మజీవులు దానికి కనిపించవు, ఆర్సెనిక్ లీటరుకు కొన్ని మైక్రోగ్రాముల మేర ఉన్నా పసిగట్టలేదు. మీ నీటికి శుద్ధి అవసరమో లేదో తెలియాలంటే బాక్టీరియా, నైట్రేటు, ఫ్లోరైడు, ఆర్సెనిక్‌లకు ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ నివేదిక చేతికి వచ్చాకే యంత్రం మాట ఎత్తండి.

ఉప్పు వేసిన గ్లాసును చూసి అక్కడి అమ్మకందారు మారు మాట్లాడకుండా కడ్డీలు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. నా యంత్రాన్ని మాత్రం, బిగించేశాం కాబట్టి వాపసు తీసుకోబోమని తేల్చి చెప్పారు.