ఆర్‌ఎక్స్ 100 కట్టుకుంటున్నారా? ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే ‘ఒరిజినల్ మికుని’ కార్బరేటర్‌తో జాగ్రత్త

పాత యమహా ఆర్‌ఎక్స్ 100ని ఇంట్లోనే విప్పి, నచ్చినట్టు కట్టుకుంటున్నవాళ్లకి ఈ హెచ్చరిక. ‘ఒరిజినల్ మికుని, ఆర్‌ఎక్స్ 100కి డైరెక్ట్ ఫిట్’ అంటూ సగం ధరకి అమ్ముతున్న కార్బరేటర్లలో (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) నకిలీ మాల్ ఉంది. మికుని అంటే వాటిని చేసే జపాన్ కంపెనీ. అలాంటిదే మాకూ అంటగట్టారు. పోయింది కార్బరేటర్ డబ్బులే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కొత్త పిస్టన్, కొత్తగా చేయించిన బోర్ (పిస్టన్ కొలతకి తగ్గట్టు కోయించిన సిలిండర్ లోపలి గోడ) రెండూ పోయాయి. పైగా రోడ్డు మీద, నాలుగో గేర్‌లో వెళ్తుండగా వెనక చక్రం పట్టేసింది. మా తమ్ముడు వెంటనే క్లచ్ నొక్కాడు కాబట్టి పడకుండా బయటపడ్డాడు.

ఈ బండి తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. అభిమానులు మాత్రం తగ్గలేదు, పాతబండి రేట్లు చూస్తే మీకే తెలుస్తుంది. కంపెనీ స్పేర్లు దొరకడం కష్టమైన చోటల్లా డూప్లికేట్ వ్యాపారం పెరుగుతుంది. డబ్బా మీద పేరు, కార్బరేటర్ బాడీ మీద అక్షరాలు అన్నీ అచ్చు దించేస్తారు. లోపలి కొలతలు మాత్రం దించలేరు.

మా విషయంలో జరిగింది ఇది. పాత కార్బరేటర్‌లో థ్రాటిల్ తిప్పితే పైకి లేచే స్లైడ్ అరిగిపోయింది, అందుకే కొత్తది తెప్పించాం. పిస్టన్ విడిగా, తెలిసిన షాపులో కొన్నాం. లేత్ షాపులో ముందు పిస్టన్ కొలిచి, దానికి తగ్గట్టు బోర్ చేశారు. ఇంజిన్ బిగించాక మొదటి కిక్కుకే స్టార్ట్ అయింది. గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలితే ఐడ్లింగ్ చక్కగా నిలబడింది. వాకిట్లో రేసింగ్ ఇచ్చినా ఎక్కడా తేడా తెలియలేదు.

మోసం తెలియనిది ఇక్కడే. జెట్లంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కలు. ఐడ్లింగ్‌లో పనిచేసేది పైలట్ జెట్. ఆపైన ముప్పావు థ్రాటిల్ దాకా స్లైడ్, దానికి ఉండే సూది చూసుకుంటాయి. మెయిన్ జెట్ అసలు సంగతి ఫుల్ థ్రాటిల్‌లో గాని బయటపడదు. దాని రంధ్రం చిన్నదైతే, గాలికి తగ్గ పెట్రోల్ అందక మిక్స్చర్ లీన్ అవుతుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో లోపలికి వచ్చే పెట్రోలే పిస్టన్‌ని కొంత చల్లబరుస్తుంది. అది తగ్గితే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్ గోడని పట్టేస్తుంది. ఇంజిన్‌కి ఆయిల్ విడిగా పంపే ఆటోలూబ్ పంపు తీసేసి, ట్యాంకులోనే ఆయిల్ కలుపుకునేవాళ్లకి ప్రమాదం ఇంకా ఎక్కువ. పెట్రోల్ తగ్గితే దాంతో పాటు ఆయిలూ తగ్గుతుంది.

హెడ్ విప్పి చూస్తే స్పార్క్ ప్లగ్ తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది, మిక్స్చర్ లీన్ అయిందనడానికి అదే గుర్తు. పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నిలువునా గీతలు, రింగు గాడిలో ఇరుక్కుపోయింది. పాత మెయిన్ జెట్, కొత్త మెయిన్ జెట్ పక్కపక్కన పెట్టి ఎండకి పట్టి చూశాం. రెండింటి మీదా ఒకే నంబరు ఉంది. కొత్తదాని రంధ్రం కంటికి కనిపించేంత చిన్నది, పైగా గుండ్రంగా కూడా లేదు, అంచున సన్నటి ఇత్తడి ముక్క మిగిలిపోయింది.

అమ్మినవాళ్లని అడిగితే వచ్చిన జవాబు: ‘మీ ట్యూనింగ్ తప్పు, లేదంటే మానిఫోల్డ్ (కార్బరేటర్‌ని ఇంజిన్‌కి కలిపే గొట్టం) దగ్గర గాలి లాగుతోంది. బిగించిన వస్తువు వాపసు తీసుకోం.’ గాలి లాగితే మిక్స్చర్ లీన్ అయ్యే మాట నిజమే. అందుకే మళ్లీ బోర్ చేయించాక అదే మానిఫోల్డ్, అదే ఫిల్టర్, అదే సైలెన్సర్ ఉంచి, తెలిసినవాళ్ల బండిలోని కంపెనీ కార్బరేటర్ అడిగి తెచ్చి బిగించాం. ప్లగ్ చాక్లెట్ రంగుకి వచ్చింది, అంటే మిక్స్చర్ సరిపోయినట్టే. తప్పు ఎక్కడుందో దీంతో తేలిపోయింది.

కొత్త కార్బరేటర్ ఎవరి దగ్గర కొన్నా, బిగించే ముందే జెట్లు విప్పి చూడండి. అసలైన మికుని జెట్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు సన్నగా, స్పష్టంగా ఉంటుంది. దాన్ని కూడా కాపీ కొట్టేస్తున్నారు కాబట్టి గుర్తు చూసి ఆగిపోవద్దు, పాత జెట్ పక్కన పెట్టి వెలుతురుకి పట్టండి. రంధ్రంలో తీగ మాత్రం పెట్టకండి, ఒక్కసారి గీసుకుపోతే ఆ జెట్ ఇక పనికిరాదు. స్ప్రింగు లేకుండా స్లైడ్‌ని బాడీలో వదిలితే దానంతటదే సాఫీగా జారాలి. పక్కలకి కదిపితే టకటకమంటే వద్దు. పెట్రోల్ కాక్ తిప్పి కాసేపు వదిలేసి, ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి చుక్కలు పడుతున్నాయేమో చూడండి.

వీలైతే ఆన్‌లైన్ మానేసి, హైదరాబాద్‌లో రాణిగంజ్‌కో, విజయవాడలో ఆటోనగర్‌కో పాత పీసు జేబులో వేసుకుని వెళ్లండి. అక్కడా డూప్లికేట్లు ఉంటాయి గాని, చేత్తో పట్టుకుని పోల్చి చూసుకోవచ్చు. జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వనంటే బయటికి వచ్చేయండి. మాకు వచ్చిన బిల్లు మీద ఆ నంబరే లేదు.

ఇంకో మాట. అదే అమ్మకందారు ‘పవర్ కిట్’ పేరుతో రేసింగ్ సైలెన్సర్లు కూడా అంటగడుతున్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఈ సంగతి ప్రకటనలో ఎక్కడా రాయడు.

ఇప్పటికే మోసపోయి ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ తనకి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మాకు అలాగే కార్బరేటర్ డబ్బులు వెనక్కి వచ్చాయి. పిస్టన్, బోరింగ్ ఖర్చు మాత్రం ఇవ్వలేదు, దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం.

అలాంటి కార్బరేటర్‌తో ఇప్పుడు తిరుగుతున్నవాళ్లు ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో కాసేపు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, క్లచ్ నొక్కి తాళం ఆపేసి, పక్కకి తీసి ప్లగ్ విప్పి చూడండి. క్లచ్ మీద వేళ్లు మొదటినుంచీ ఉండాలి. ప్లగ్ తెల్లగా ఉంటే బండి తోసుకుంటూనో, ఆటో ట్రాలీలోనో ఇంటికి తీసుకెళ్లండి. ఇంజిన్ ఇప్పటికే పట్టేసి ఉంటే పిస్టన్, ప్లగ్, జెట్లు కడగకుండా, డబ్బా, బిల్లుతో పాటు దాచిపెట్టండి. కమిషన్ ముందు పెట్టడానికి అవే కావాలి.