హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి మలేరియా రాకుండా ఏ మందు మేలు?

పశ్చిమ కెన్యాలో విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో రెండు జబ్బులూ ఎక్కువే. హెచ్‌ఐవీ లేని గర్భిణికైతే దారి తేలిక. నాలుగో నెల మొదలయ్యాక, పరీక్షకు వచ్చినప్పుడు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ అనే మలేరియా మందు మాత్రలు మూడూ ఒకేసారి ఇచ్చి, నర్సు తన కళ్లముందే మింగిస్తుంది. కాన్పులోపు నెలకు తగ్గని ఎడంతో కనీసం మూడు విడతలు పడాలన్నది 2012 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ మాట. ఇంట్లో దాచుకునే పని లేదు, మరిచిపోయే బెడదా లేదు.

హెచ్‌ఐవీ ఉన్న తల్లికీ అదే ఇవ్వొచ్చు కదా అంటే, కుదరదు. ఆమె రోజూ కోట్రిమోక్సజోల్ వేసుకుంటూ ఉంటుంది. మనకు సెప్ట్రాన్‌గా తెలిసిన మాత్రే. రెండూ సల్ఫా మందులే కాబట్టి, కలిపితే ఒళ్లు బొబ్బలెక్కే తీవ్రమైన రియాక్షన్ ముప్పు పెరుగుతుంది.

మరి సెప్ట్రాన్ ఒక్కటే చాలా? ఇతర ఇన్ఫెక్షన్లనూ ఆపుతుంది కనుక దాన్ని మానిపించడం తప్పే. కానీ తూర్పు ఆఫ్రికాలో ఈ రకం మందులకు లొంగని మలేరియా క్రిమి పాతుకుపోయింది. పైగా రోజూ వేసుకోవాలి. తన జబ్బు సంగతి భర్తకు, అత్తగారికి చెప్పుకోలేని మనిషికి ఇంట్లో మాత్రల డబ్బా కనబడటమే గండం. మందుల లెక్కల్లో ఈ మాట ఎవరికీ పట్టదు గానీ, నాకు ఇదే అన్నిటికన్నా పెద్దదనిపిస్తుంది.

మామూలుగా తొలిచూలుకే మలేరియా ముప్పు ఎక్కువ. తర్వాతి కాన్పులకు ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. హెచ్‌ఐవీ ఆ శక్తినే దెబ్బతీస్తుంది. క్రిమి మాయలో చేరితే తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు తక్కువతో పుడుతుంది. అందుకే సెప్ట్రాన్‌కు తోడు వెతికారు.

మొదట మెఫ్లోక్విన్ అనే మలేరియా మందు. కెన్యా, టాంజానియా, మొజాంబిక్‌లలో ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. మలేరియా తగ్గింది. కానీ కాన్పు నాటికి తల్లి రక్తంలో హెచ్‌ఐవీ ఎక్కువగా కనబడింది, బిడ్డకు సోకడమూ పెరిగింది. ఇక దాని ఊసెత్తకూడదు.

తర్వాత డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపరాక్విన్ అనే మరో మలేరియా మందు. నెలకోసారి, మూడు రోజులు. కెన్యా, మలావిలలో డోలుటెగ్రవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడే గర్భిణులకు సెప్ట్రాన్‌తోపాటు ఇస్తే, మలేరియా సోకడం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిందని 2024లో తేలింది. ఎఫావిరెంజ్ అనే మరో హెచ్‌ఐవీ మందు వాడేవాళ్ల రక్తంలో మాత్రం పైపరాక్విన్ మోతాదు పడిపోతుంది, కాబట్టి ఆమె ఏ హెచ్‌ఐవీ మందు మీద ఉందో ముందే చూడాలి.

నా ఓటు సెప్ట్రాన్‌కు ఈ మందును తోడు చేయడానికే. ఈ తోడు మందు దొరకని చోట సెప్ట్రాన్ తప్పకుండా వేసుకోవాలి, మందు పట్టించిన దోమతెర మొదటి నెల నుంచే కట్టుకోవాలి, జ్వరం తగిలిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి.