తిరుపతిలో ఒక చేదు గ్లాసు

దర్శనం ముందు రోజే అయిపోయింది. కొండ మీద మద్యం, మాంసం, పొగాకు నిషేధం. అందుకే నేనూ చిత్తూరు బావా దర్శనాన్నీ బీరునీ కలపలేదు. మొదటి రాత్రి రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసంలో పడుకున్నాం. గది సాదాసీదాగా ఉన్నా, రైలు దిగి నడిచిపోయేంత దగ్గర. రెండో రాత్రికి బార్ ఉన్న ప్రైవేటు హోటల్‌కి మారాం. పరుపు మెత్తన, అద్దె బరువు, లిఫ్ట్ కన్నా మాత్రం నడిచి ఎక్కడమే నయం.

బార్ మెనూలో స్ట్రాంగ్ బీర్లన్నీ అయ్యాక చిట్టచివర 'ఐపీఏ' అని, చేదెక్కువుండే రకం బీరొకటి కనబడింది. ఇక్కడికెలా దూరిందో! కుర్రాడు డబ్బాతో పాటు ఫ్రీజర్‌లోంచి తీసిన మగ్గు తెచ్చాడు. అంచంతా మంచు.

బావ ఒక గుక్క తాగి మొహం ముడిచాడు. "ఇదేంది రా, వేపాకు కషాయం మాదిరి ఉండాది!"

ఆయన తప్పేం లేదు. అంత చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, చేదొక్కటే నాలుకకు తగులుతుంది. మామూలు గాజు గ్లాసు అడిగి, పోసి, పది నిమిషాలు వదిలేశాం. అప్పుడు లేచింది అసలు సంగతి. ముందు దబ్బకాయ తొక్క గిల్లినప్పటి ఘాటు. ఆ వెనకే, జూన్‌లో మా వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పక్కన పోతుంటే వచ్చే తోతాపురి వాసన. అందులో పండు చుక్క కూడా లేదు, అంతా హాప్స్ పువ్వుదే, బీరులో చేదుకీ వాసనకీ వేసేది. అది గంజాయి కుటుంబపు తీగ అంటే బావ కళ్ళు మెరిశాయి. మత్తుకూ దానికీ సంబంధం లేదని చెప్పి ఆ ఆశ తుంచేశాను. బీరు కాచేటప్పుడు హాప్స్ ముందే వేసి బాగా మరిగిస్తే చేదు దిగుతుంది. చివర్లోనో, చల్లారాకనో వేస్తే వాసన నిలుస్తుంది, రసంలో కొత్తిమీర దించే ముందు వేసినట్టు. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో అమెరికన్ ఐపీఏలు 40 నుంచి 70 దాకా ఉంటాయి. మామూలు లాగర్లు, అంటే మన దగ్గర ఎక్కువగా దొరికే తేలిక బీర్లు, 20 అటూ ఇటూ.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, 'ఐ' మన ఇండియానే. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఇలాంటి బీరు ఓడల్లో ఇక్కడికొచ్చేది. హాప్స్ ఎక్కువుంటే తొందరగా చెడదు.

"మన పేరు పెట్టి, దొరలే తాగినారా?" అన్నాడు బావ.

నాకు కోపమొచ్చింది డబ్బా అడుగు చూసినప్పుడు. తయారై ఎనిమిది నెలలు. ఐపీఏ నిలవుంచే సరుకు కాదు, వాసన నెలనెలా తగ్గిపోతుంది. పోయిన చలికాలం బెంగుళూరు ఇందిరానగర్‌లో ఒక పబ్‌లో బీరు కుళాయి నుంచి పట్టిచ్చిన ఐపీఏ గ్లాసు బల్ల మీద పెట్టకముందే గుప్పుమంది. పైగా అక్కడ చిన్న గ్లాసుల్లో రుచి చూపించి, నచ్చింది ఎంచుకోమన్నారు. ఇక్కడ ధర దాదాపు అంతే, వాసన సగం. తోడుగా తెప్పించిన చికెన్ ఫ్రై ఇంకో పొరపాటు. చేదు పక్కన కారం రెట్టింపు మండింది. ఉప్పు వేరుశనక్కాయలే సరిపోయాయి.

కుర్రాడు మాత్రం చురుకు. రెండో డబ్బాకి అడక్కుండానే, "గ్లాసు మామూలుదే తెచ్చినా సార్" అన్నాడు. టిప్పు దానికే ఇచ్చాను.

బావ తన రెండోది సగంలో వదిలేసి స్ట్రాంగ్ చెప్పుకున్నాడు. ఆ సగమూ నాకే వచ్చింది.