కవాసాకి బ్రేవ్ థండర్స్: తిరుపతి నుంచి చూసిన ఆట

జపాన్‌లో తోషిబా కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టుగా 1950లో పుట్టి, 2016లో మొదలైన అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ బి.లీగ్‌తో ప్రొఫెషనల్ బాట పట్టి, 2018లో ఒక ఇంటర్నెట్ సంస్థ చేతికి మారిన కవాసాకి బ్రేవ్ థండర్స్ ఆటను తిరుపతిలో ఉండి చూడాలంటే యూట్యూబ్‌లోని మ్యాచ్ ముఖ్యాంశాలే సులువైన దారి. వ్యాఖ్యానం జపనీస్‌లో సాగినా స్కోరు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. అసలు లోపం వేరే ఉంది: బుట్టలో పడిన బంతులే కనిపిస్తాయి తప్ప, వాటికి ముందు జరిగిన డిఫెన్స్ అంతా కత్తెరకు పోతుంది.

నా దృష్టిలో కొత్త వీడియోల కన్నా నిక్ ఫజేకస్ ఆడిన కాలం నాటివే విలువైనవి. అమెరికాలో పుట్టి, 2018లో జపాన్ పౌరసత్వం పొంది, 2024లో రిటైరైన ఈ ఆజానుబాహువు పెద్దగా ఎగరడు, పరుగులోనూ వేగం తక్కువే. అయినా రింగుకు కాస్త దూరంలో ఆగి, ఒంటి చేత్తో బంతిని మెత్తగా పైకి తోస్తే అడ్డుకోవడం ఎవరికైనా కష్టమే. ఆయన ఉండగా 2021, 2022లలో జట్టు జపాన్ జాతీయ టోర్నీ అయిన ఎంపరర్స్ కప్ గెలిచింది, 2017 బి.లీగ్ ఫైనల్ మాత్రం తొచిగి బ్రెక్స్ చేతిలో ఓడింది.

అక్కడ రాత్రి 7 గంటల ఆట మనకు మధ్యాహ్నం మూడున్నరకే మొదలవుతుంది కనుక, ఉద్యోగస్థులకు ప్రత్యక్ష ప్రసారం కుదిరే పని కాదు. ఎస్వీ యూనివర్సిటీ పరిసరాల్లో సెంటర్ స్థానంలో, అంటే రింగుకు దగ్గరగా, ఆడే కుర్రాళ్ళు మాత్రం ఫజేకస్ పాత వీడియోలను తప్పక చూడాలి.