'ది బ్లాబ్' (1958): భయపెట్టేది సిలికాన్ ముద్ద, విసిగించేది పోలీస్ స్టేషన్

మనుషుల్ని మింగే ఎర్రటి జిగురుముద్ద మీద తీసిన అమెరికన్ హారర్ సినిమా 'ది బ్లాబ్'. దీన్ని చూసినవాళ్ల మాటలు దాదాపు మూడు రకాలు. "గంటన్నరలోపు సినిమాలో రాక్షసి కనబడేది కాసేపేనా?" అని ఒకరు. "జామ్ సీసా ఒలికినట్టుంది, దానికి భయమేంటి?" అని ఇంకొకరు. "పాతదైనా సరదాగా పోయింది" అని మరొకరు. మొదటి ఫిర్యాదు న్యాయమైనదే. రెండోది కాదు. నిజానికి ఆ జామే ఈ సినిమాను ఇన్నేళ్లు మోసుకొచ్చింది. మూడో మాట మొదటి అరగంటకీ చివరి భాగానికీ సరిపోతుంది, మధ్య భాగానికి కాదు. ఐదుకి మూడు ఇవ్వొచ్చు.

దర్శకుడు ఇర్విన్ యేవర్త్ అంతకుముందు మతసంబంధమైన చిన్న చిత్రాలు తీసినవాడు. హాలీవుడ్‌కి దూరంగా, పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ చుట్టుపక్కల దీన్ని తీశారు. ఖర్చు సుమారు 1,10,000 డాలర్లని చెబుతారు, ఇంకాస్త ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బుతో కలర్ సినిమా తీయడం అప్పట్లో సాహసమే. దీనికి జోడీగా థియేటర్లలో వేసిన రెండో సినిమా బ్లాక్ అండ్ వైటే.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఆకాశం నుంచి ఒక రాయి పడుతుంది. అందులోంచి వచ్చిన జిగురుముద్ద మనుషుల్ని మింగుతూ పెరుగుతుంది. చూసింది కుర్రాళ్లు, నమ్మనిది పెద్దవాళ్లు.

తక్కువ డబ్బుతో రాక్షసి సినిమా తీసేవాళ్లు సాధారణంగా ఒక మనిషికి రబ్బరు తొడుగు వేస్తారు. ఎంత మంచి తొడుగైనా మోకాళ్ల దగ్గర ముడతలు పడుతుంది, వీపున జిప్పు ఉబ్బుతుంది. లోపలున్నవాడి నడక దాగదు. ఇక్కడ ఆ గొడవే లేదు. కళ్లు లేవు, కాళ్లు లేవు, అరుపు లేదు. అనుకరించడానికి శరీరమే లేనప్పుడు "నకిలీలా ఉంది" అనడానికి పోలిక దొరకదు. ఈ సినిమాలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే.

ముద్ద తయారీ ఎరుపు రంగు కలిపిన సిలికాన్ జిగురుతో. మొదట పారదర్శకంగా ఉంటుంది, మనుషుల్ని తిన్నకొద్దీ రంగు ముదురుతుంది. ఈ సంగతి ఎవరూ మాటల్లో చెప్పరు, చూసి తెలుసుకోవాల్సిందే. సిలికాన్ ఎందుకు పనికొచ్చిందంటే, ముద్దను తీసింది చిన్న బొమ్మ సెట్లమీద. అలాంటి సెట్లలో పరువు తీసేవి నీళ్లూ మంటలూ. సెట్‌ను చిన్నది చేయగలం గానీ నీటిబొట్టును చిన్నది చేయలేం. బొమ్మ పడవ పక్కన నిమ్మకాయంత బొట్టు కనబడగానే గుట్టు రట్టవుతుంది. చిక్కటి సిలికాన్ చుక్కలుగా విడిపోదు, చిమ్మదు, నిదానంగా సాగుతుంది. అందుకే అరచేతిలో పట్టే ముద్ద కూడా గదిని నింపే బరువున్నదానిలా కనిపిస్తుంది. పైగా ఎండదు. ఆనాటి ముద్ద అది వచ్చిన బకెట్‌లోనే ఇప్పటికీ మెత్తగా ఉంది.

దాన్ని కదిలించిన పద్ధతి మరీ చవక. బల్లమీద చిన్న సెట్, దానికే బిగించిన కెమెరా. రెండింటినీ కలిపి ఒకవైపు వంచితే సిలికాన్ పల్లానికి జారుతుంది. కెమెరా కూడా వంగింది కాబట్టి తెరమీద నేల సమంగానే ఉంటుంది, ముద్ద మాత్రం తనంతట తాను పాకుతున్నట్టు కనబడుతుంది. ఇలాంటి షాట్ తీయాలంటే బొమ్మ కుర్చీలూ డబ్బాలూ కిందికి అంటించి ఉండాలి. లైటు కూడా సెట్‌తోపాటే వంగాలి, లేకపోతే నీడలు జరిగి మోసం బయటపడుతుంది. ఒలికిన షాట్‌ను వెనక్కి తిప్పితే చాలు, ముద్ద భయపడి వెనక్కి తగ్గినట్టు ఉంటుంది.

లోపాలు లేవని కాదు. సిలికాన్ నిగనిగలాడుతుంది, ఆ నిగనిగలో దీపం ప్రతిబింబం పెద్ద తెల్లమచ్చగా పడుతుంది. నిజంగా గదంత వస్తువైతే ఆ మచ్చ అంత పెద్దగా ఉండదు. దగ్గరి షాట్లలో ముందు భాగం స్పష్టంగా ఉండి వెనక భాగం మసకబారితే అది కూడా బొమ్మ సెట్ గుర్తే. లెన్స్ రంధ్రం బాగా కుదించి, లైటు బాగా పెంచితే తప్ప ఆ మసక పోదు. లైటు పెంచితే తెల్లమచ్చ పెరుగుతుంది. ఈ రెంటి మధ్యా ఎంత నలిగారో కొన్ని షాట్లలో కనబడుతూనే ఉంటుంది.

ఒక్క సీన్ చూసి సినిమా విలువ తేల్చమంటే ముసలాయన సీన్ చూడాలి. రాయి దగ్గర వంగి కర్రతో పొడుస్తాడు. పెంకు విడుతుంది, లోపల తేనెలాంటి జిగురు. కర్ర కొనకు కొంచెం అంటుకుంటుంది. కర్ర పైకెత్తి వింతగా చూస్తాడు. అది జారుతుంది. కర్ర తిప్పుతాడు. ఈసారి అది పల్లానికి పోదు, చేతివైపు పోతుంది. భయమంతా ఈ ఒక్క మలుపులోనే ఉంది. అంతవరకు అది పదార్థం, అక్కణ్నుంచి ప్రాణి. సంగీతం గోల లేకుండా, మాట లేకుండా, కొన్ని క్షణాల్లో ఆ తేడా చూపించారు. ఈ మధ్య వచ్చే భారీ గ్రాఫిక్స్ సినిమాలు చాలావాటిలో రాక్షసి పరిచయం ఇంత శుభ్రంగా ఉండదు.

డాక్టర్ చావు కూడా బాగుంది. నర్సు ఆమ్లం పోస్తుంది, ఫలితం లేదు. తుపాకీ పనిచేయదు. చివర్న హీరో బయట నిలబడి కిటికీ బ్లైండ్ల సందుల్లోంచి చూస్తాడు. మనకు దొరికేది కూడా ఆ సందుల్లోంచి ఒక్క చూపే.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ముద్ద పెద్దదయ్యాక అది ఉన్నది బల్లమీద, నటులు ఉన్నది ఇంకెక్కడో. రెండింటినీ ఒకే ఫ్రేములోకి తేవడానికి డబ్బు లేదు. అందుకే వరస ఎప్పుడూ ఒకటే: మనిషి చూస్తాడు, ముద్ద కనబడుతుంది, మనిషి అరుస్తాడు, సీన్ మారుతుంది. మొదటి రెండుసార్లు పనిచేస్తుంది. మెకానిక్ చచ్చేసరికి వరస కంఠతా వచ్చేస్తుంది. "ఏమీ చూపించలేదు" అనే ఫిర్యాదుకు మూలం ఇదే. ఊహకు వదిలేశారని వెనకేసుకొచ్చేవాళ్లు కొందరున్నారు. ఊహకు వదిలింది డాక్టర్ సీన్‌లో. మెకానిక్ సీన్‌లో వదిలింది ఖర్చుకు భయపడి.

దానికన్నా పెద్ద తప్పు స్క్రీన్‌ప్లేది. డాక్టర్ చనిపోయాక కథ పోలీస్ స్టేషన్‌లో కూలబడుతుంది. "చూశాను", "ఏదీ, చూపించు", "నిజంగా చూశాను". ఇద్దరు మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం అన్నిటికన్నా చవకైన షూటింగ్, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్రేక్షకుడికి నిజం ముందే తెలుసు. అనుమానం పోలీసులకే గాని మనకు లేదు. ఆ కిటికీ షాట్ తీసేసి, హీరో మొహం మాత్రమే చూపించి ఉంటే వీడు నిజంగా చూశాడా అని మనమూ కాసేపు ఊగిసలాడేవాళ్లం. అదే డబ్బుతో, అవే గదుల్లో ఆ సాగదీత కాస్తా ఉత్కంఠ అయ్యేది. సినిమాలోని మంచి షాట్లలో ఒకటి తీసేయమనడం విడ్డూరమే, అయినా తప్పదు.

హీరో స్టీవ్ మెక్వీన్. టైటిల్స్‌లో 'స్టీవెన్' అని పడుతుంది. షూటింగ్ నాటికి అతనికి 27 ఏళ్లు, వేసింది హైస్కూల్ కుర్రాడి వేషం. "మేనమామలా ఉన్నాడు" అని నవ్వుకునేవాళ్లకు అడ్డు చెప్పలేం. కాకపోతే ఆ పేలవమైన డైలాగుల్ని మింగుతూ, ఆగుతూ, మాటకు ముందు చూపు తిప్పుతూ చెప్పే తీరుంది చూశారూ, ఆ మధ్య భాగాన్ని కాస్తయినా నిలబెట్టింది అదే. పుచ్చుకున్నది సుమారు 3,000 డాలర్లు. లాభాల్లో వాటా ఇస్తామన్నా వద్దన్నాడట, సినిమా ఏమో లక్షలకు లక్షలు తెచ్చింది.

సూపర్‌మార్కెట్ సీన్‌తో మళ్లీ ఊపిరి వస్తుంది. హీరో, హీరోయిన్ (అనెటా కోర్సో) కోల్డ్ రూమ్‌లో దూరతారు. తలుపు కింది సందులోంచి ఎర్రటి జిగురు లోపలికి వచ్చి, ఆగి, వెనక్కి పోతుంది. చలి దానికి పడదన్న క్లూ ఇక్కడే పడింది. హీరోకి మాత్రం క్లైమాక్స్ దాకా తట్టదు.

తరవాత థియేటర్. ప్రొజెక్టర్ గది గాలి కంతల్లోంచి ముద్ద పిండినట్టు దిగడం ఇందులో రెండో గొప్ప షాట్. జనం బయటికి పరుగెత్తే షాట్‌ను మాత్రం ఆపి చూడండి. కొందరు నవ్వుతూ పరుగెడుతుంటారు. వెనకాలే తలుపుల్లోంచి ముద్ద వచ్చే షాట్‌లో భవనం అట్టముక్కలా ఉంది, సినిమా మొత్తంలో బలహీనమైన ఎఫెక్ట్ అది. ఆ కలోనియల్ థియేటర్ ఫీనిక్స్‌విల్‌లో ఇప్పటికీ ఉంది. 2000 నుంచి వేసవిలో 'బ్లాబ్‌ఫెస్ట్' జరిపి ఆ పరుగునే మళ్లీ పరుగెడుతుంటారు.

క్లైమాక్స్‌లో ముద్ద డైనర్‌ను, అంటే రోడ్డుపక్క చిన్న హోటల్‌ను, కప్పేస్తుంది. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లతో దాన్ని గడ్డకట్టించడం ఉపాయం. నీళ్లలాంటి ఒక టన్ను పదార్థాన్ని 20 డిగ్రీలు చల్లార్చడానికి సుమారు 84,000 కిలోజౌళ్లు లాగాలి. ఐదు కిలోల సిలిండర్‌లోని వాయువు మొత్తం గడ్డకట్టి పొడిమంచుగా (డ్రై ఐస్) మారిందనుకున్నా లాగేది మూడు వేల లోపే. అంటే టన్నుకే ముప్పై సిలిండర్లు, డైనర్‌ను కప్పిన ముద్ద ఎన్ని టన్నులో! లెక్క అతకదు గానీ హెడ్‌మాస్టర్ తన బడి అద్దమే తాను పగలగొట్టి సిలిండర్లు బయటికి తీయించడం చక్కటి ముగింపు. కుర్రాళ్ల మాట పెద్దలు నమ్మడమనే గొలుసు అక్కడ పూర్తవుతుంది.

టైటిల్ సాంగ్ బర్ట్ బకరాక్, మాక్ డేవిడ్‌లది. హుషారుగా, వెటకారంగా ఉంటుంది. హారర్ ఆశించి కూర్చున్నవాళ్లకు ఇది మొదటి దెబ్బ.

చూసేవాళ్లకు కొన్ని సూచనలు. అసలు ఫ్రేము నిష్పత్తి 1.66:1, కాబట్టి టీవీలో పక్కల సన్నటి నల్లపట్టీలు వస్తే రానివ్వండి, సాగదీయొద్దు. రంగులు పెంచే మోడ్, కదలికను నునుపు చేసే మోడ్ రెండూ ఆపేయండి. మొదటిది ఎరుపును ప్లాస్టిక్ గులాబీ చేస్తుంది, రెండోది సిలికాన్‌ను బరువులేనిదానిలా చూపిస్తుంది. రక్తపాతం లేదు, పిల్లలతో చూడొచ్చు. 1988లో చక్ రస్సెల్ తీసిన రీమేక్‌లో ముద్ద, మనిషి ఒకే ఫ్రేములో ఉంటారు, చావులు దాచకుండా చూపిస్తారు. పాతదానిలో లోటనిపించింది అక్కడ తీరుతుంది. అది మాత్రం పిల్లలకు కాదు, పైగా దాన్ని ముందు చూస్తే ముసలాయన కర్ర చప్పగా అనిపిస్తుంది. 1972 నాటి సీక్వెల్ కామెడీ వైపు జారిపోయింది, వదిలేయొచ్చు.