సామర్లకోట ద్వారాలు, ఒక పల్లె రాతి వాకిలి

గోదావరి డెల్టాలో పాత గుడి వాకిళ్లు ఎలా నిలిచాయో చూడదలచినవారు ముందుగా సామర్లకోట వెళ్లాలి. 892 నుంచి 922 దాకా పాలించిన చాళుక్య భీముడు కట్టించినట్లు చెప్పే కుమారారామ భీమేశ్వరాలయం ఇక్కడ రెండు ప్రాకారాల మధ్య ఉంది. సుద్దరాతి లింగం పై అంతస్తు దాకా లేచి ఉన్నందువల్ల అభిషేకం అక్కడే జరుగుతుంది. అయినా నన్ను ఎక్కువసేపు నిలిపినవి బయటి ప్రాకారపు ద్వారాలే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు చేయకూడదని 2010 నాటి చట్ట సవరణ చెబుతోంది. ఆ కట్టుబాటు విలువ ఇలాంటి చోటనే తెలుస్తుంది.

ద్రాక్షారామం వైపు వెళ్తూ లోపలి రోడ్డు మీద ఆగిన పల్లెలో, శివాలయపు రాతి వాకిలిని ఊరివారే చందాలు వేసుకుని బాగుచేయిస్తున్నారు. మునుపటి మరమ్మతులో రాతి అతుకుల నిండా సిమెంటు దట్టించారట. కాలువ పక్క నేల కాబట్టి పునాది పీల్చిన చెమ్మ పైకి ఎక్కుతుంది. సిమెంటు దానిని బయటికి పోనివ్వకపోతే రాతిలోంచే ఆరుతుంది, ఆరినచోట ఉప్పు పేరుకుని రాతి ముఖాన్ని పొరలుగా ఊడదీస్తుంది. ద్వారపాలకుడి మోకాలి కింద వేలు ఆనిస్తే పొడి రాలింది. "ఇలాగే వదిలేస్తే సిమెంటు మిగిలి రాయి పోద్దండి" అన్నారు మేస్త్రీ.

వాకిలి పై రాళ్ల సందుల్లోకి దిగిన రావి వేళ్లను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తాయి కనుక, పై వరుస రాళ్లకు అంకెలు వేసి కిందికి దించి, వేరును మొదలంటా తీశారు. అతుకులకు డంగు సున్నం వాడుతున్నారు: నానిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ, బెల్లం ఊరిన నీటితో నూరుతున్నారు. ఈ పని నిదానంగానే సాగుతుంది, సాగనివ్వాలి. పని పూర్తయ్యాక వాకిలికి ఎనామిల్ రంగు వేయించాలని కొందరు పెద్దలు అనుకుంటున్నారు. గుమ్మం పక్కన శాసనం ఉంది. అక్షరాలు పూడుకుపోతాయని, దయచేసి రాయిని అలాగే ఉంచమని వారిని వేడుకున్నాను.

బసకు కాకినాడ అనువైనది. గదులు దొరుకుతాయి, సామర్లకోటకు బస్సులు తరచుగా ఉంటాయి. ద్రాక్షారామం సత్రాలు భక్తులకు చాలు గానీ, కార్తీక సోమవారాల్లో అక్కడ చోటు ఆశించకండి. ఆ నెలలో ఆర్టీసీ నడిపే పంచారామాల ప్రత్యేక బస్సులు దర్శనానికి మేలే; అయితే ఒక్కరోజులో అయిదు క్షేత్రాలూ చుట్టాలి కనుక ద్వారాల దగ్గర నిలబడే తీరిక ఇవ్వవు. లోపలి పల్లెలకు రామచంద్రపురంలో ఆటో మాట్లాడుకుని, తిరుగు ప్రయాణం కిరాయి కూడా ముందే తేల్చుకోవడం మంచిది.